దీపావళికి పది రోజుల ముందు మేనకోడలికి రాసిన ఉత్తరం

నరసన్నపేట,
ఆశ్వయుజ బహుళ పంచమి.

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి మేనత్త ఆశీర్వదించి రాయునది.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం అందింది. విజయనగరం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు మూడులాంతర్ల దగ్గర, కేంద్ర బలగాల్లో పనిచేస్తూ మందుపాతర పేలుడు చూసి వచ్చిన అల్లుడుగారికి ఏమైందో రాసేటప్పుడు నీ చెయ్యి వణికిందని అక్షరాలే చెబుతున్నాయి. పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే ఆ పొడవాటి సిరిమాను మీదకు జనం విసిరే అరటిపండు ఒకటి గురి తప్పి వెనుక నుంచి ఆయన భుజానికి తగలడం, ఆ వెంటనే ఆయన నీ చెయ్యి పట్టుకుని నిన్ను కూడా నేల మీదకు లాగి కూర్చోబెట్టడం, చుట్టూ ఉన్నవాళ్ళు మొదట నవ్వి, ఆయన ముఖం చూశాక నవ్వు ఆపేయడం, బొబ్బిలి తిరిగి వెళ్ళాక రెండు రోజులు ఆయన ఎవరితోనూ మాట్లాడకపోవడం, ఇవన్నీ చదువుతుంటే పాతికేళ్ళ కిందటి మా ఇల్లే నా కళ్ళకు కట్టింది. ఒక్క సంగతి మాత్రం నువ్వు రాశావే గాని గమనించినట్లు లేదు. ఆ క్షణంలో కూడా ఆయన తాను ఒక్కడే వంగలేదు, ముందు నిన్ను కిందకు లాగారు.

నువ్వు రెండు ప్రశ్నలు అడిగావు. పెళ్ళైన మొదటి దీపావళికి అల్లుణ్ణి పిలవడం మన ఇళ్ళలో తప్పనిసరి మర్యాద కనుక, ఏదో ఒక వంక చెప్పి ఈ ఏడాదికి విజయనగరం రావడం మానుకుంటే మంచిదా అన్నది మొదటిది. వచ్చేటట్లయితే, పదివేలవాలా తెప్పించి వీధి వీధంతా వినిపించేలా కొత్త అల్లుడి చేత కాల్పించాలని ఉబలాటపడుతున్న మీ నాన్నకు విషయం చెప్పాలా వద్దా అన్నది రెండవది. రండి, మీ నాన్నకు చెప్పు అనే నేనంటాను. కానీ ఆ రెండింటికీ ముందు అల్లుడుగారిని అడగాలి. నీ ఉత్తరం మూడు పేజీలుంది. ఆయన గురించి నువ్వేమనుకుంటున్నావో, మీ అత్తగారేమనుకుంటున్నారో, ఇరుగుపొరుగు ఏమనుకుంటారో మూడు పేజీల్లోనూ ఉంది గాని, ఆయన ఏమన్నారన్నది ఒక్క వాక్యమైనా లేదు.

ఇంత ధైర్యంగా చెప్పడానికి నాకేం అధికారం ఉందని అడగవచ్చు. నేను వైద్యురాలిని కాను, ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినదాన్ని. కానీ మీ మావయ్యతో ఇరవైకి పైగా దీపావళులు గడిపాను, అందులో మొదటిది ఎలా గడపకూడదో తెలిపేదిగానే మిగిలింది. ఆయన ఫిరంగి దళంలో పనిచేశారు. 1999 వేసవిలో కార్గిల్ యుద్ధం జరిగినప్పుడు ద్రాస్ వైపు ఉన్నారు. ఆ ఏడాది దీపావళి నవంబరు 7న వచ్చింది, సరిగ్గా దానికి నాలుగు రోజుల ముందు సెలవు మీద ఇంటికి వచ్చారు. పండుగ నాటి మధ్యాహ్నం భోజనం చేసి నడవలో చాప మీద నిద్రపోతుండగా, సందులో పిల్లలెవరో లక్ష్మీబాంబు కాల్చారు. ఆయన ఒళ్ళంతా ఒక్కసారిగా బిగుసుకోవడం చూసి, ఏమీ లేదని చెబుదామని పరుగున వెళ్ళి భుజం మీద చెయ్యి వేశాను. కళ్ళు తెరవకుండానే ఆయన నా మణికట్టు పట్టి మెలితిప్పారు. అరడజను మట్టిగాజులు చిట్లి, రెండు పెంకులు చర్మంలోకి దిగాయి.

మా అత్తగారు వచ్చి నెత్తురు చూడలేదు, గాజులు చూశారు. పండుగ పూట ముత్తైదువ చేతి గాజులు చిట్లడమేమిటని ఆవిడ ఏడుపు, చేసిన పని అర్థమై మీ మావయ్య పెరట్లో రోలు పక్కన కూర్చుని, మోకాళ్ళ మీద రెండు చేతులూ బోర్లించి పెట్టుకుని, అర్ధరాత్రి దాటే వరకు లోపలికి రాకపోవడం, ఇదీ మా దీపావళి. మర్నాడు ఎవరో గాలి సోకిందన్నారు, ఎవరో జడుపు అన్నారు, వేపమండలతో విసిరి తాయెత్తు కట్టారు. తాయెత్తు వల్ల నష్టమేమీ జరగలేదు గాని, అది కట్టాం కదా అనే నిశ్చింతతో మరో రెండేళ్ళు వైద్యుని దగ్గరకు వెళ్ళలేదు; ఆ రెండేళ్ళు మాత్రం నష్టమే.

జడుపు అనే మాటలో అసలు తప్పేమీ లేదు. ప్రాణం పోయేంత ప్రమాదం ఎదురైనప్పుడు మెదడు ఆ క్షణానికి సంబంధించిన చప్పుడు, వెలుగు, వాసన అన్నిటినీ మూటగట్టి దాచుకుంటుంది. తర్వాత ఎప్పుడైనా వాటిలో ఒక్కటి కనబడినా మూటంతా విప్పి, ప్రమాదం మళ్ళీ ఇప్పుడే, ఇక్కడే జరుగుతున్నదని శరీరానికి కబురు పంపుతుంది. ఆలోచించే శక్తి రంగంలోకి దిగేలోపే గుండె వేగం పెరగడం, కండరాలు బిగియడం అయిపోతాయి. అందువల్ల ఇది పిరికితనం కాదు, ధైర్యం చెబితే పోయేదీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీన్ని షెల్ షాక్ అన్నారు. 1980లో అమెరికా మనోవైద్యులు తమ వ్యాధుల గ్రంథంలో చేర్చినప్పటి నుంచి పీటీఎస్‌డీ, అంటే మనసుకు తగిలిన గాయం తర్వాత మిగిలే ఒత్తిడి రుగ్మత, అంటున్నారు. ఘోరం జరిగిన తొలి వారాల్లో ఈ లక్షణాలు చాలామందిలో కనబడి వాటంతటవే తగ్గిపోతాయి. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, ఆ ఊసే ఎత్తనివ్వకపోవడం వదలకపోతే వైద్యం కావలసిన స్థితి అనుకోవాలి. అల్లుడుగారి ముందు వెళ్ళిన వాహనం మందుపాతరకు పేలిపోయి ఏడాదిన్నర అయిందని రాశావు కనుక, ఇది దానంతట అది పోతుందని ఎదురుచూసే గడువు దాటిపోయింది.

ఇది ఒక్క సైనికులకే వస్తుందనుకోకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరితోటలను నేలమట్టం చేసిన తర్వాత, మా తరగతిలో ఒక అమ్మాయి సైకిల్ స్టాండు రేకు గాలికి చప్పుడైతే చాలు, పుస్తకం కింద పెట్టి రెండు చెవులూ మూసుకునేది. ఆ పిల్ల దీపావళి చప్పుళ్ళకు బెదరలేదు, గాలి విసిరితే బెదిరింది. ఎవరి మూటలో ఏముందో బయటి నుంచి చూసే మనకు తెలియదని నాకు తేటతెల్లమైంది అప్పుడే.

మీ మావయ్య చెప్పిన ఒక మాట నీకు అన్నిటికన్నా ఎక్కువ పనికివస్తుంది. తమ ఫిరంగి తామే పేల్చినప్పుడు ఎంత మోత మోగినా తనకు ఏమీ అనిపించేది కాదట, ఎందుకంటే ఆజ్ఞ ముందు వినబడుతుంది, శరీరం సిద్ధమవుతుంది. అవతలి వైపు నుంచి వచ్చి పడేదానికి ఆజ్ఞ ఉండదు. ఇంట్లో జరిగిందీ అదే. ఆ మధ్యాహ్నం పిల్లలు బాంబు కాలుస్తారని నాకు తెలుసు, మా అత్తగారికి తెలుసు, వీధిలో అందరికీ తెలుసు, నిద్రపోయిన ఆయనకు మాత్రం ఎవరూ చెప్పలేదు. అందువల్ల చప్పుడును పూర్తిగా ఆపాలని ప్రయత్నించి నువ్వు అలసిపోవద్దు. అది నీ వల్ల కాదు, విజయనగరం మొత్తం నీ మాట వినదు. ఏది ఎప్పుడు మోగుతుందో ఆయనకు ముందే తెలిసేలా, ఇష్టం లేకపోతే ఎక్కడికి వెళ్ళాలో ఆయనే నిర్ణయించుకునేలా చూడగలిగితే చాలు.

ఇక ఆయనను అడగడం గురించి. పగటిపూట, కడుపు నిండి ఉన్నప్పుడు, ఇద్దరూ ఏదైనా పని చేసుకుంటూనో, పొలం గట్టు మీద నడుస్తూనో అడుగు. ఎదురెదురుగా కూర్చుని అడిగితే విచారణలా ఉంటుంది. భయమా అని అడగకు. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమనీ అడగకు, అది ఆయన చెప్పాలనుకున్ననాడు చెబుతారు, లేదా వైద్యునికి చెబుతారు. ఈ పండుగలో ఏది భరించగలరు, ఏది భరించలేరు అన్నంత వరకే అడుగు. నేను చాలాకాలం పెద్ద బాంబులే మీ మావయ్యకు శత్రువులనుకున్నాను. తీరా అడిగితే, ఆయనను కలవరపెట్టేది తారాజువ్వ, అందులోనూ అది పేలే చప్పుడు కాదు, పైకి లేచేటప్పుడు వేసే ఈల. గుండు వచ్చి పడేముందు వినిపించే ఈల అటువంటిదట. అల్లుడుగారికి బహుశా చప్పుడు కన్నా తర్వాత కమ్ముకునే పొగ, మందు వాసన ఎక్కువ బాధ కలిగించవచ్చు, లేదా మరొకటేదో కావచ్చు; ఊహించి ఏర్పాట్లు చేయకు. ఒకవేళ ఆయన అసలు రానంటే, ఆ మాటను ఆ ఏడాదికి ఒప్పుకో. మొదటి పండుగ మర్యాద సంక్రాంతికైనా జరుపుకోవచ్చు.

మీ నాన్న నాకు తమ్ముడు, వాడి గుణం నాకు తెలియనిది కాదు. మనసు వెన్న, నోరు తాటాకు బాంబు. అల్లుడు కేంద్ర బలగాల్లో ఉన్నాడని గంటస్తంభం దగ్గర టీకొట్టు వరకు చెప్పుకుని మురిసిపోయేవాడు, అదే మనిషి టపాకాయకు ఉలిక్కిపడతాడంటే నమ్మడు. నమ్మినా, నాలుగు కాల్పిస్తే అలవాటైపోతుందని మొరటు వైద్యం మొదలుపెడతాడు. ఆ వైద్యం చెయ్యనివ్వకు. చప్పుళ్ళకు క్రమంగా అలవాటు చేసే చికిత్స నిజంగానే ఉంది, కానీ అది శిక్షణ పొందినవారు, రోగి సమ్మతితో, అతి తక్కువ స్థాయి నుంచి మొదలుపెట్టి చేసేది. చెప్పకుండా మనిషి వెనుక టపాకాయ పేల్చడం దానికి పూర్తిగా విరుద్ధం. అల్లుడుగారి అనుమతి తీసుకుని, ఆయన సరేనన్నంత వరకే మీ నాన్నకు చెప్పు. ఉద్యోగంలో జరిగిన ప్రమాదం వల్ల పెద్ద చప్పుళ్ళు పడటం లేదని, వైద్యం చేయిస్తున్నామని, ఆరోజు దీని గురించి ఎవరూ ప్రస్తావించకూడదని, ఈ మూడు మాటలు సరిపోతాయి. ప్రమాదం వివరాలు మీ నాన్న అడిగినా నువ్వు చెప్పనక్కరలేదు.

వాడు మొండికేస్తే చెప్పడానికి నీకు మరో ఆధారం కూడా ఇస్తున్నాను. 2018 అక్టోబరు 23న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో దీపావళి నాడు టపాకాయలు రాత్రి 8 నుంచి 10 గంటల మధ్యనే కాల్చాలని చెప్పడమే కాక, ఒకదానికొకటి అల్లిన దండ టపాకాయలను నిషేధించింది. అంటే మీ నాన్న ముచ్చటపడుతున్న పదివేలవాలాయే చట్టరీత్యా చెల్లని సరుకు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు కాల్చకూడదన్నది అంతకుముందు, 2005 తీర్పు నుంచే ఉంది. ఇక ఒక్కొక్క టపాకాయ చప్పుడు, పేలిన చోటు నుంచి 4 మీటర్ల దూరంలో 125 డెసిబెళ్ళు మించకూడదన్నది నియమం. ఆరుబయట దూరం రెట్టింపైనప్పుడల్లా చప్పుడు సుమారు 6 డెసిబెళ్ళు తగ్గుతుంది. తెలుగు పంతులమ్మకు ఈ లెక్కలెందుకంటావేమో గాని, మీ ఇంటి గుమ్మం ముందు కాల్చేదాన్ని 32 మీటర్ల అవతలకు, వీధి మలుపు దగ్గరకు జరిపినా 107 మిగులుతాయని లెక్క కట్టి చూసుకున్నాను. దూరం ఒక్కటే చాలదు, గోడలూ తలుపులూ కూడా కావాలి.

మీ పుట్టింట్లో వీధి వైపు గది వదిలేసి, వెనుక వైపు, వంటింటి పక్కనున్న సామాన్ల గది ఖాళీ చేయించు. దానికి ఒకే చిన్న కిటికీ, మందపాటి పాతగోడలు. కిటికీకి దుప్పటి మడత వేలాడదీసి, లోపల ఫ్యానుతో పాటు రేడియోనో, ఆయనకిష్టమైన పాటలో పెట్టు. నిశ్శబ్దంలో పడే చప్పుడు కన్నా వేరే చప్పుడులో కలిసే చప్పుడు తక్కువగా కొడుతుంది. మందుల షాపులో చెవుల్లో పెట్టుకునే నురుగు బిరడాలు దొరుకుతాయి. కొందరికి అవి వరప్రసాదం, మరికొందరికి చెవులు మూసుకుంటే చుట్టూ ఏం జరుగుతున్నదో తెలియక ఆందోళన ఇంకా పెరుగుతుంది, మీ మావయ్య ఈ రెండవ రకం. కొని ఆయన జేబులో వేసి ఊరుకో. గది తలుపు బయటి నుంచి ఎవరూ వెయ్యకూడదు. పెరటి గుమ్మానికి వెళ్ళే దారిలో సామాను అడ్డం లేకుండా చూడు. సాయంత్రం ఏడు లోపు భోజనం ముగించండి. ఆ పూట కాఫీలు తగ్గించండి.

పక్కింటి కుర్రాళ్ళతో మాట్లాడే పని మీ తమ్ముడికి అప్పగించు. మానెయ్యమంటే మానరు, కానీ ఎనిమిదిన్నరకు మొదలుపెట్టి తొమ్మిదిన్నరకు ఆపేస్తామని ఒప్పుకునే కుర్రాళ్ళు నేనెరిగినంతలో చాలామందే ఉన్నారు, మొదలుపెట్టే ముందు ఒక కేక వెయ్యమంటే సరదాగానే వేస్తారు. ఉల్లిపాయ బాంబులు మాత్రం మీ గుమ్మం దరిదాపులకు రానివ్వద్దని గట్టిగా చెప్పించు. ఒత్తి వెలిగించనక్కరలేకుండా, విసిరినా ఒత్తిడి తగిలినా పేలిపోయే ఆ సరుకు ఎవరికీ మంచిది కాదు, అల్లుడుగారికి అసలే కాదు.

మద్యం సంగతి విడిగా చెప్పాలి. పండుగకు క్యాంటీన్ సీసా తెచ్చారా అని మన బంధువుల్లో మగవాళ్ళు అడగకుండా ఉండరు, రెండు గుక్కలు పడితే చప్పుళ్ళు పట్టవులే అని సలహా కూడా ఇస్తారు. మద్యం మొదట మత్తు నిద్ర తెప్పిస్తుంది, తెల్లవారుజామున ఆ నిద్రను చెదరగొట్టి పీడకలలను పెంచుతుంది. మీ మావయ్య దాని వెంట రెండేళ్ళు వెళ్ళి వచ్చారు కనుక ఇది పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు. చీటీ లేకుండా తెచ్చే నిద్రమాత్రలూ వద్దు, మద్యంతో కలిస్తే అవి ప్రాణాంతకం కావచ్చు.

ఇల్లు వదిలి వెళ్ళడం కూడా ఒక మార్గమే. 2001లో మేము సాయంత్రం ఆరింటికి బయలుదేరి కళింగపట్నం వెళ్ళి, వంశధార సముద్రంలో కలిసేచోట, దీపస్తంభానికి కాస్త దూరంలో ఇసుక మీద కూర్చుని, పొట్లం కట్టుకెళ్ళిన పులిహోర తిని, పదిన్నర తర్వాత ఇంటికి వచ్చాం. మా పెళ్ళయ్యాక నాకు బాగా జ్ఞాపకమున్న దీపావళి అదే. మరుసటి ఏడూ అలాగే వెళ్ళాం. మూడో ఏడు మాత్రం వైద్యుడు వెళ్ళవద్దన్నారు. తప్పించుకున్న ప్రతిసారీ మనసు ఊపిరి పీల్చుకుంటుంది గాని, తప్పించుకోవడం వల్లనే బతికానని కూడా నేర్చుకుంటుందట, అప్పుడు దీపావళితో మొదలైనది పెళ్ళి ఊరేగింపులకు, ఊరి జాతరలకు, చివరకు ప్రెషర్ కుక్కర్ కూతకు కూడా పాకుతుంది. అందుకని ఈ ఏడాది తప్పుకున్నా సిగ్గుపడకండి, ప్రతి ఏడూ తప్పుకోవాలని మాత్రం నిశ్చయించుకోకండి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఏదో ఒక చప్పుడు చెప్పకుండానే వస్తుంది. ఆయన ముఖం తెల్లబోయి, చూపు ఎక్కడో నిలిచిపోతే, ముందు మీ ఇద్దరూ తప్ప మిగిలినవాళ్ళను అక్కడి నుంచి పంపించు. వెనుక నుంచి తాకకు, హఠాత్తుగా కౌగిలించుకోకు. ఎదుట, రెండు బారల దూరంలో నిలబడి, గొంతు పెంచకుండా ఆయన పేరు పెట్టి పిలిచి, ఇది విజయనగరం, మా నాన్న ఇల్లు, ఈరోజు దీపావళి, ఎదురు మేడ మీద పిల్లలు కాలుస్తున్నారు అని ఉన్నది ఉన్నట్లు చెప్పు. ఏమీ లేదులే అనకు, ఆయన ఒంటికి చాలా ఉంది అప్పుడు. పాదాలు నేలకు ఆనించమను, చెప్పులు లేకుండా ఉంటే మరీ మంచిది, గచ్చు చల్లదనం తెలుస్తుంది. చల్లటి నీళ్ళ చెంబు చేతికివ్వు. ఊపిరి పీల్చిన దానికన్నా వదలడం నెమ్మదిగా, ఎక్కువసేపు ఉండేలా నీతో పాటు చెయ్యమను. గదిలో కనబడే అయిదు వస్తువుల పేర్లు చెప్పమనడం కూడా పనిచేస్తుంది. మీ మావయ్య ఒకసారి దేవుడి పటాలు లెక్కపెడుతూ పదకొండు దాకా వెళ్ళి, ఇన్ని ఎందుకు పెట్టావని నన్నే కోప్పడ్డారు, ఆ కోపం చూసి తేరుకున్నారని తెలుసుకున్నాను.

ఆయన సొంతంగా కనిపెట్టుకున్న ఉపాయం ఇంకొకటుంది. ఫిరంగి దళంవాళ్ళు దూరాన మెరుపు కనబడిన క్షణం నుంచి మోత వినబడే వరకు లెక్కపెట్టి దూరం తేలుస్తారు, ధ్వని సుమారు మూడు సెకన్లకు ఒక కిలోమీటరు పోతుంది కనుక. ఒక దీపావళి రాత్రి మేడ మీదకు వెళ్ళి, ఊరి అంచున ఆకాశంలో వెలుగు విచ్చుకోగానే ఒకటి, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టి, ఇది ఆమదాలవలస రోడ్డు వైపు, ఇది బజారు వైపు అని నాకు చెప్పడం మొదలుపెట్టారు. వెలుగు ముందు, చప్పుడు తర్వాత. అంటే ప్రతి చప్పుడుకూ ముందుగా ఒక కబురు అందుతున్నదన్నమాట. ఇది అందరికీ నప్పుతుందని చెప్పలేను, మందుపాతర చూసినవారికి వెలుగే గిట్టకపోవచ్చు. అడిగి చూడు.

రాత్రి నిద్రలో ఆయన పలవరిస్తుంటే, మంచం కాళ్ళ వైపు నిలబడి పేరుతో పిలిచి లేపు, చేత్తో తట్టకు. నా మణికట్టు మీది మచ్చ నువ్వు చిన్నప్పుడు వేలితో తడిమి, ఇదేమిటత్తా అని అడిగేదానివి. వంటింట్లో కాలిందని చెప్పాను, కాల్చుకున్నది కాదు. అవసరమైతే ఆ నాలుగు రోజులు వేరే మంచం వేసుకోండి, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కరలేదు. మర్నాడు ఉదయం నిన్న ఏమైందని తవ్వకు; కాఫీ ఇచ్చి మామూలు మాటలు మాట్లాడు.

నాలుగు రోజులని ఎందుకన్నానంటే, మనవైపు దీపావళి ఒక్క రాత్రితో ముగియదు, మిగిల్చిన టపాకాయలన్నీ నాగులచవితికి పుట్ట దగ్గర కాలుస్తారు. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ నుంచి వచ్చిన ఆయన స్నేహితులకో, వైద్యునికో ఇది తెలియకపోవచ్చు, మనం మరచిపోకూడదు. అమావాస్య గండం గడిచిందని అందరూ తేలికపడి ఉన్నప్పుడు, చవితి నాటి ఉదయం, పొలాల్లో, నాలుగు దిక్కులా, గడియారంతో పనిలేకుండా మోగుతాయి. పైగా తాటితోపులు, గట్లు, నేలలోని పుట్ట, వీటన్నిటి మధ్య మందు పేలడం అనేది ఆయన చూసినదానికి ఇంటి ముందరి టపాకాయ కన్నా దగ్గరగా ఉంటుందేమోనని నా అనుమానం. ఆయన ఆరోజు రానంటే పట్టుపట్టకు. మీ అమ్మతో నువ్వు తెల్లవారకముందే వెళ్ళి, పాలు పోసి, చిమ్మిలి, చలిమిడి నైవేద్యం పెట్టి, జనం చేరేలోపు తిరిగి వచ్చేయండి.

వైద్యం గురించి దాచకుండా చెబుతాను. ఈరోజు మొదలుపెట్టినా దీపావళికి గుణం కనబడదు. సెర్ట్రలిన్ వంటి మాత్రలు పనిచేయడానికే కొన్ని వారాలు పడుతుంది, మనసుకు తగిలిన ఆ గాయం మీద దృష్టి పెట్టి చేసే మాటల చికిత్స వారానికొకసారి చొప్పున నెలల తరబడి సాగుతుంది. కాబట్టి పండుగ ఏర్పాట్లు వేరు, వైద్యం వేరు, ఒకటి బాగా జరిగిందని రెండవది వాయిదా వెయ్యవద్దు. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది, శ్రీకాకుళంలో రిమ్స్ అని పిలిచే ప్రభుత్వ ఆసుపత్రిలోనూ మనోవైద్యులు చూస్తారు. పోనీ, మొదట ఫోనులో మాట్లాడటానికైతే కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలి మానస్ ఉంది. 14416కు ఏ వేళైనా డబ్బు ఖర్చు లేకుండా తెలుగులో మాట్లాడవచ్చు, ఆయన మాట్లాడకపోతే నువ్వైనా మాట్లాడి సలహా తీసుకో. రికార్డుల్లోకి ఎక్కితే మెడికల్ కేటగిరీ, అంటే ఉద్యోగానికి చూసే ఆరోగ్య యోగ్యత శ్రేణి, తగ్గిస్తారని ఆయన భయపడుతున్నారని రాశావు. ఆ భయం ఉత్తది కాదు, మీ మావయ్య కూడా అదే భయంతో దాచారు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను గోప్యంగా ఉంచుకునే హక్కు ఇచ్చిందని చెప్పు, ఆ మాట వైద్యునితో మొదటి రోజే తేల్చుకోమను. కానీ బతికి ప్రయోజనం లేదనే మాట ఆయన నోట వచ్చినా, వస్తువులు పంచిపెడుతున్నట్లు కనబడినా పండుగ, ఉద్యోగం, పరువు ఏదీ చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి తీసుకువెళ్ళు, ఒంటరిగా వదలకు.

ఇక నీ సంగతి. ఆయన నిద్రపోతుంటే నువ్వు మేలుకుని కాపలా కాస్తున్నావని నీ ఉత్తరం నడుమ ఎక్కడో ఒక వాక్యం ఉంది. నేనూ కొన్నేళ్ళు అదే పని చేశాను, నా తలనొప్పులు, పిల్లల మీద నా విసుగు దాని ఫలమే. దీపావళి రాత్రి తొమ్మిది దాటాక ఒక గంట మీ తమ్ముడినో నన్నో గది దగ్గర కూర్చోమని, నువ్వు మీ అమ్మ దగ్గర పడుకో. పండుగ నీకు కూడా మొదటిదే, కాకరపువ్వొత్తి వెలిగించుకోవాలనిపిస్తే వెలిగించుకో, అందులో ద్రోహమేమీ లేదు.

అల్లుడి చేత ఏదో ఒకటి వెలిగింపజేయాలన్న మీ నాన్న ముచ్చట తీర్చే మార్గం కూడా ఉంది. సంధ్యవేళ, టపాకాయలు ఇంకా మొదలు కాకముందు, గోగు కర్రలకు నూనెగుడ్డ చుట్టి వెలిగించి, దిబ్బు దిబ్బు దీపావళి అంటూ నేలకు కొట్టే ఆచారానికి చప్పుడూ లేదు, పొగా అంతగా లేదు. మీ ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు కనుక వాళ్ళను వరుసలో నిలబెట్టి కర్రలు వెలిగించి ఇవ్వడం ఇంటి అల్లుడి పని అని చెబుదాం, మీ నాన్నకూ గౌరవంగానే ఉంటుంది. పట్నంలో మంచి కర్రలు దొరకవు. ఇక్కడ మా రైతు ఒకరు నార తీసిన గోగు కర్రలు ఒక మోపు ఇస్తానన్నాడు, నేను త్రయోదశి నాడు వచ్చేటప్పుడు బస్సులో వేసుకుని తెస్తాను. మీ మావయ్య కూడా వస్తానంటున్నారు. ఎనిమిదింటికి మేడ ఎక్కి లెక్కపెట్టుకోవడానికి తోడు కావాలేమో అల్లుడుగారిని అడిగి, ఆయన ఏమన్నారో ఈసారి ఆయన మాటల్లోనే రాసి పంపు.

ఆశీస్సులతో,
నీ మేనత్త